హాకీ ఆడేవాళ్ళకి మన గోల వినిపిస్తుందా?



పోయిన శనివారం మన గ్రౌండులో జరిగిన మ్యాచ్ 0–1తో ఓడిపోయాం. ఆ గోల్ ఎలా పడిందో చూసినవాళ్ళందరికీ తెలుసు. చూడనివాళ్ళకి చెప్పడానికి మెస్సులో చాలామంది ఉన్నారు. "కీపర్‌గాడు వదిలెయ్యాల్సిన బాల్‌ని తన్నాడు, మ్యాచ్ పోయింది" అని వారం రోజులుగా అదే కథ. వాడు 8వ తరగతి పిల్లాడు. కంచం పట్టుకుని లైన్లో నిలబడితే వెనకనుంచి "వదిలెయ్, వదిలెయ్" అని ఏడిపిస్తున్నారు. సోమవారం సాయంత్రం వాడు ప్యాడ్లు, హెల్మెట్ స్టోరు రూములో పెట్టేసి, ఇక ఆడనని పి.ఇ.టి. సారుతో చెప్పేశాడు.

ఆ రోజు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడింది నేను. "వదిలెయ్" అని అరిచిందీ నేనే. మరి వాడెందుకు వదల్లేదు? అడిగితే ఒక్కటే మాట: "నాకేటీ వినపడలేదన్నా." ఎవరూ నమ్మలేదు. పదిహేను మీటర్ల దూరంలో గొంతు చించుకుని అరిస్తే వినపడకపోవడం ఏమిటని మొదట నేనూ నమ్మలేదు. తర్వాత మన ఆటగాళ్ళని అడిగాను. సైన్సు సారునీ, పి.ఇ.టి. సారునీ అడిగాను. ఇప్పుడు నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ గోల్ సంగతి

హాకీలో ఒక రూలుంది. ఫుట్‌బాల్ మాత్రమే చూసేవాళ్ళకి ఇది తెలియదు. గోల్ ముందు వంపుగా ఒక గీత ఉంటుంది కదా, దాన్ని మనం 'డి' అంటాం. గోల్‌కీ ఆ గీతకీ మధ్య దాదాపు 14.6 మీటర్లు. ఎదుటి జట్టువాడు 'డి' లోపల బాల్‌ని ఆడితేనే అది గోల్. బయటనుంచి ఎంత గట్టిగా కొట్టినా, లోపల వాళ్ళవాడెవడూ ముట్టకుండా పోస్టుల మధ్యకి పోతే గోల్ ఇవ్వరు. బాల్ మనకే ఇస్తారు.

ఆట ఇంకో అయిదు నిమిషాలే ఉంది. స్కోరు 0–0. వాళ్ళ సెంటర్ హాఫ్ 'డి' బయట రెండడుగుల దూరం నుంచి కొట్టాడు. పక్కనే ఉన్నాను కాబట్టి గీత నాకు బాగా కనపడింది. వాళ్ళ ఫార్వర్డ్ ఒకడు పరిగెత్తుకొస్తున్నాడు గాని ఆ బాల్‌ని అందుకోలేడు. అందుకే "వదిలెయ్" అని అరిచాను. కీపర్‌కి మాత్రం ముందు మనవాళ్ళే ఇద్దరు అడ్డం. కొట్టింది గీతకి అవతలా ఇవతలా అన్నది వాడికెలా తెలుస్తుంది? వాడు చేయాల్సిన పనే చేశాడు. ప్యాడ్ అడ్డం పెట్టి తన్నాడు. బాల్ నేరుగా ఆ పరిగెత్తుకొచ్చేవాడి స్టిక్ దగ్గరికి పోయింది. వాడు 'డి' లోపల ఉన్నాడు. కొట్టాడు, గోల్ అయింది.

నా మాట వాడికి వినపడి ఉంటే ఆ గోల్ లేదు. కాబట్టి అసలు ప్రశ్న వాడు ఎందుకు తన్నాడన్నది కాదు, నా మాట ఎందుకు వినపడలేదన్నది.

ఒకే గోల, మూడు జవాబులు

ఆ టైములో గ్రౌండు చుట్టూ మనవాళ్ళంతా ఉన్నారు. మెస్సు కంచాలు పట్టుకొచ్చి గరిటెలతో వాయిస్తున్నారు. ఈలలు సరేసరి. మరి ఆడేవాళ్ళకి ఆ గోల ఎలా వినపడింది?

మన సెంటర్ ఫార్వర్డ్‌ని అడిగాను. "బాల్ నా దగ్గరుంటే ఏమీ వినపడదురా. కంచాలు తెచ్చారని ఆట అయ్యాకే తెలిసింది" అన్నాడు. రైట్ హాఫ్‌ని అడిగాను. "బాల్ గీత దాటి బయటికి పోయినప్పుడల్లా ఒక్కసారి గోల మీద పడినట్టుంటుంది. మళ్ళీ ఆట మొదలైతే పోతుంది" అన్నాడు. ఆ రోజు బయట బెంచీ మీద కూర్చున్నవాణ్ణి అడిగితే "చెవులు పగిలిపోయాయి" అన్నాడు.

ముగ్గురూ ఒకే గ్రౌండులో ఉన్నారు. ముగ్గురూ నిజమే చెప్పారు. ఆటలో మునిగినవాడికి గోల లేదు. ఆట ఆగినవాడికి ఉంది. ఆడనివాడికి గోల తప్ప మరోటి లేదు.

గెడ్డ పక్కన నిద్ర

దీనికి మన హాస్టల్లోనే ఒక ఉదాహరణ ఉంది. జూలైలో కొత్తగా చేరిన అయిదో తరగతి పిల్లలు గెడ్డ చప్పుడుకి నిద్ర పట్టడం లేదంటారు. పది రోజులు పోతే ఆ చప్పుడు వాళ్ళకి ఉండదు. గెడ్డ ఆగిందా? లేదు. చెవులు పోయాయా? అదీ లేదు. మారకుండా వచ్చే చప్పుడుని మనసు పక్కన పెట్టేస్తుంది. గోలంతా ఒకే తీరుగా సాగితే ఆటగాడికి అది గెడ్డ లాంటిదే.

ఇంకో కారణం కూడా ఉంది. సంతలో వందమంది మాట్లాడుతున్నా మనం బేరం చేసే మనిషి మాటే మనకి వినపడుతుంది. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్షించాడు. ఒక చెవిలో ఒక మాట, రెండో చెవిలో ఇంకో మాట వినిపించి, ఒక చెవిలోది మాత్రమే తిరిగి చెప్పమన్నాడు. చెప్పినవాళ్ళకి రెండో చెవిలో ఏం మాట్లాడారో దాదాపు ఏమీ తెలియలేదు.

కళ్ళు కూడా చెవుల పని తగ్గిస్తాయట. 2015లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు కొందరికి కష్టమైన చూపు పని ఇచ్చి, అదే సమయంలో శబ్దం వినిపించి, మెదడులో ఏం జరుగుతోందో యంత్రంతో చూశారు. చూపు పని కష్టమైనప్పుడు శబ్దానికి మెదడు స్పందించడమే తగ్గిపోయింది. అంటే విని పట్టించుకోకపోవడం కాదు, ఆ క్షణంలో నిజంగానే వినపడటం తగ్గుతుంది. వేగంగా వచ్చే బాల్ మీద చూపు పెట్టిన కీపర్ కంటే కష్టమైన చూపు పని ఇంకెవరికుంటుంది?

నమ్మనివాళ్ళు ఆదివారం ఇలా చేసి చూడండి. ఒకడు స్టిక్‌తో బాల్‌ని చెప్పుల వరస మధ్యనుంచి వేగంగా తిప్పుకుంటూ పోవాలి. వెనకనుంచి ఇంకొకడు మామూలు గొంతుతో అయిదు ఊళ్ళ పేర్లు చెప్పాలి. ముందుగా చెప్పకుండా చివర్లో ఆ ఊళ్ళేమిటని అడగండి.

గొంతుకీ లెక్కుంది

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటుంది. గట్టిగా అరిస్తే సుమారు 90. అయితే ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండు మీటర్లకి 84, నాలుగుకి 78, ఎనిమిదికి 72, పదహారు మీటర్లకి 66. అంటే నేను 'డి' గీత దగ్గర గొంతు చించుకున్నా, గోల్ దగ్గరికి చేరేది మామూలు మాట కంటే కొంచెం పెద్దదే.

గోల్ వెనక నాలుగైదు గజాల్లో నిలబడి వందమంది కంచాలు వాయిస్తే అది ఇంతకంటే చాలా పెద్దది. దానికి తోడు వాడి చెవుల మీద హెల్మెట్. మరి నా మాట ఎక్కడ మిగిలింది? మన గోలలో కొట్టుకుపోయింది.

కాబట్టి "గోల వినిపిస్తుందా" అని అడిగితే జవాబు ఇదీ. ఆట మధ్యలో గోల గోలగా వినపడదు, కాని పక్కవాడి మాట వినపడకుండా చేస్తుంది. దాని నష్టం అక్కడుంది.

గోల దాటి వచ్చేది పేరొక్కటే

1959లో నెవిల్ మోరే అనే ఆయన చెర్రీ పరీక్షనే మళ్ళీ చేశాడు. పట్టించుకోని చెవిలో ఒకే మాటని ఎన్నోసార్లు చెప్పినా జనానికి గుర్తులేదు. కాని ఆ చెవిలో వాళ్ళ సొంత పేరు పిలిస్తే ముగ్గురిలో ఒకరు దాకా పట్టుకున్నారు. పేరుకి ఆ బలం ఉంది. మెస్సులో ఎంత గోలగా ఉన్నా మన పేరెవరైనా అంటే తల తిరుగుతుంది కదా, అదే ఇది.

ఇప్పుడు శనివారం సంగతి గుర్తు చేసుకోండి. ఆ చివరి అయిదు నిమిషాలు మనవాళ్ళు ఏమని అరుస్తున్నారు? కీపర్ పేరే. ఒక్కో అక్షరానికి కంచం మీద ఒక్కో దెబ్బ. ప్రేమతోనే అరిచారు, కాదనను. కాని అన్ని వైపులనుంచి వాడి పేరే వస్తుంటే, ఆ పేరుకి ఇక విలువేముంది? నేను పేరు పెట్టి పిలిచినా అది వందలో ఒకటయ్యేది. పైగా నేను పేరు పిలవనేలేదు. ఉత్త "వదిలెయ్" అన్నాను. ఎవరిని, దేన్ని వదలమన్నట్టు? ఆ తప్పు నాది. ఈ వారమంతా మెస్సులో ఆ మాట నేను చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఖాళీ స్టేడియం, నిండు స్టేడియం

పెద్ద ఆటల్లో దీన్ని పోల్చి చూడటానికి మంచి అవకాశం దొరికింది. 2020లో జరగాల్సిన టోక్యో ఒలింపిక్స్ కరోనా వల్ల 2021లో జరిగాయి. హాకీ స్టేడియంలో జనం లేరు. కీపర్ శ్రీజేష్‌కి మ్యాచ్ అంతా డిఫెండర్లకి అరిచి చెబుతూ ఉండటం అలవాటు. ఖాళీ స్టేడియంలో ఆటగాళ్ళ కేకలు టి.వి.లో కూడా వినపడ్డాయి. 2021 ఆగస్టు 5న కాంస్యం కోసం జర్మనీతో ఆట. 5–4తో మనం ముందున్నాం. ఇంకో ఆరేడు సెకన్లుందనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. శ్రీజేష్ ఆపాడు. 1980 మాస్కో తర్వాత 41 ఏళ్ళకి హాకీలో మనకి పతకం వచ్చింది. ఒక్క చప్పట్లు లేకుండా కూడా మనిషి ప్రాణం పెట్టి ఆడగలడని ఆ రోజు తేలింది.

ఇక నిండు స్టేడియం సంగతి. ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా ఉంది. మనలాగే ఆదివాసులు ఎక్కువగా ఉండే జిల్లా. అక్కడి ఊళ్ళలో హాకీ పోటీలు పెట్టి, గెలిచిన జట్టుకి మేకపోతుని బహుమతిగా ఇస్తారు. భారత జట్టుకి కెప్టెన్‌గా ఆడిన దిలీప్ టిర్కీ ఆ జిల్లావాడే. ఆ జిల్లాలోనే రౌర్కెలాలో బిర్సా ముండా పేరుతో 20 వేలమందికి పైగా కూర్చునే హాకీ స్టేడియం కట్టారు. 2023 జనవరి 13న ప్రపంచ కప్‌లో భాగంగా అక్కడ స్పెయిన్‌తో ఆడాం. నేను ఆరో తరగతిలో ఉండగా టి.వి.లో చూశాను. మొదటి గోల్ కొట్టిన అమిత్ రోహిదాస్ కూడా సుందర్‌గఢ్‌వాడే. స్టేడియం హోరెత్తింది. 2–0తో గెలిచాం. గోల వల్లే గెలిచామనుకున్నాను. కాని రెండు రోజుల తర్వాత అదే స్టేడియంలో, అలాంటి జనం మధ్యే, ఇంగ్లండ్‌తో 0–0. ఒక్క గోల్ కూడా పడలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి వెళ్ళి స్వర్ణం తెచ్చిన భారత జట్టుకి కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఆదివాసీ. రాంచీలో ఆయన పేరుతో హాకీ స్టేడియం ఉంది. 2024 జనవరిలో మన ఆడపిల్లల జట్టు పారిస్ ఒలింపిక్స్‌కి అర్హత కోసం అక్కడ ఆడింది. సలీమా టేటే, నిక్కీ ప్రధాన్ లాంటి జార్ఖండ్ అమ్మాయిలకి అది సొంతగడ్డ. జనమంతా మనవాళ్ళే. జర్మనీతో 2–2 అయ్యి, షూటౌట్‌లో 3–4తో ఓడారు. మర్నాడు జపాన్‌తో 0–1. పారిస్ పోయింది.

షూటౌట్ ఎలా ఉంటుందో చెబుతాను. ఆటగాడు 23 మీటర్ల గీత నుంచి బయల్దేరి 8 సెకన్లలో కీపర్ని దాటి గోల్ వెయ్యాలి. దానికి ముందు విజిల్ కోసం ఒక్కడూ నిలబడాలి. బాల్ కదలదు, కాలు కదలదు. మన రైట్ హాఫ్ చెప్పిన మాట ఇక్కడ వర్తిస్తుంది. ఆట ఆగినప్పుడే గోల మీద పడుతుంది. ఎదుటివాడి మీదా పడుతుంది, మనవాడి మీదా పడుతుంది. తనవాళ్ళంతా చూస్తున్నారన్న ఆలోచన కొందరికి బలం, కొందరికి బరువు. కాబట్టి అరిస్తే గెలుస్తాం అన్నది లెక్క కాదు.

అంపైర్‌కి మాత్రం వినపడుతుంది

2002లో ఇంగ్లండ్‌లో నలభైమంది ఫుట్‌బాల్ రిఫరీలకి ఒకే మ్యాచ్ వీడియో చూపించారు. కొందరికి జనం గోలతో, కొందరికి శబ్దం లేకుండా. గోల విన్నవాళ్ళు సొంత ఊరి జట్టు మీద ఇచ్చిన ఫౌల్స్ సుమారు 15 శాతం తక్కువ. తెలియకుండానే చేయి వెనక్కి పోతుందన్నమాట. హాకీ అంపైర్లూ మనుషులే. ఇది మనకి లాభమే కదా అని కొందరు అనొచ్చు. వాళ్ళ గ్రౌండుకి మనం పోయినప్పుడు సంగతి కూడా ఆలోచించండి.

మరి అరవొద్దా?

అరవాలి. హాఫ్ టైములో నీళ్ళు తాగుతుంటే అయిదో తరగతి పిల్లలు మన స్కూలు పేరు పెట్టి కేకలేశారు. కాళ్ళు లాగేస్తున్నా లేచి పోయాం. అది నాకు బాగా వినపడింది, ఎందుకంటే అప్పుడు ఆట ఆగి ఉంది. కాబట్టి నేను అడిగేది నాలుగే.

1. బాల్ మన 'డి'లోకి వస్తే కంచాలు కిందికి, నోళ్ళు మూత. అది కొద్ది సెకన్ల పనే. ఆ కొద్ది సెకన్లు మా మాటలు మాకు వినపడనివ్వండి.

2. ఆట నడుస్తుండగా కీపర్ని పేరు పెట్టి పిలవొద్దు. స్కూలు పేరు అరవండి. వాడి పేరు మాకు వదిలెయ్యండి.

3. బాల్ బయటికి పోయినప్పుడు, గోల్ కొట్టినప్పుడు, హాఫ్ టైములో ఎంత గోలైనా చెయ్యండి. అప్పుడే మాకు వినపడుతుంది.

4. ఎదుటి జట్టువాళ్ళని పేరు పెట్టి తిట్టొద్దు. పేరే గోలని దాటి లోపలికి పోతుందని పైన రాశాను. వాళ్ళూ మనలాగే ఏదో హాస్టల్ పిల్లలు.

మా జట్టు పని మేం చేస్తాం. పెనాల్టీ కార్నర్‌కి ఇప్పటికే చేతి సైగలు పెట్టుకున్నాం. ఇకనుంచి కీపర్‌కి మాలో మేమే ఒక పొట్టి పిలుపు పెట్టుకుంటాం. ముందు ఆ పిలుపు, తర్వాతే మాట. ఆ పిలుపేమిటో ఇక్కడ రాయను, గోడ పత్రిక అందరూ చదువుతారు.

వార్డెన్ సారుకి మనవి. పదకొండు కంచాలకి సొట్టలు పడ్డాయని, ఇకమీదట గ్రౌండుకి కంచాలు తేవద్దని నోటీసు పెట్టారు. అది న్యాయమే. కాని గోల అసలే వద్దనకండి సార్. మెస్సు వెనక ఖాళీ నూనె డబ్బాలు పడి ఉన్నాయి. అవి ఇప్పిస్తే చాలు. ఎప్పుడు వాయించాలో, ఎప్పుడు ఆపాలో చెయ్యెత్తి చెప్పడానికి పదో తరగతి అన్నలు ఇద్దరిని పెడదాం.

చివరిగా ఒక్క మాట. శనివారం పడిన గోల్‌లో నా వాటా ఉంది, కంచం వాయించిన ప్రతి ఒక్కరి వాటా ఉంది. ఇంతమంది వాటాని ఒక్క 8వ తరగతి పిల్లాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఆ రోజు అంతకుముందు వాడు ఆపిన బాల్స్ ఎవరైనా లెక్కపెట్టారా? నేను పెట్టాను, ఆరు.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు, రోజూ స్టడీ అవర్‌కి ఈ గోడ పక్కనుంచే పోతావు. జోనల్ పోటీలు వచ్చే నెలలో. స్టోరు రూము తాళం పి.ఇ.టి. సారు దగ్గరుంది. రేపు సాయంత్రం అయిదింటికి నేను గోల్ దగ్గర ఉంటాను. ఈసారి నీ పేరు పెట్టే పిలుస్తాను.

– లెఫ్ట్ బ్యాక్, 9వ తరగతి

(దీనిమీద ఎవరికైనా అభ్యంతరముంటే చీటీ మీద రాసి తెలుగు మేడం టేబుల్ మీది డబ్బాలో వెయ్యండి. వచ్చే సంచికలో జవాబిస్తాను. లైన్లో వెనకనుంచి మాత్రం అనకండి.)